మత్తడి దాటిన మొక్క: హుస్సేన్‌సాగర్ నాలా పరిసరాల్లో గుర్రపుడెక్క వ్యాప్తి, నియంత్రణల చరిత్ర

వ్యాస సంగ్రహం

దక్షిణ అమెరికాలో పుట్టిన గుర్రపుడెక్క ప్రపంచంలోని ఉష్ణమండల జలాశయాలన్నింటా ఆక్రమణ జాతిగా పేరు పడింది. ఆ మొక్కను ఎలా తొలగించాలన్న సాంకేతిక చర్చ విస్తారంగా జరిగింది. ఏ నీటిలో, ఎలాంటి పాలనలో, ఎవరి నిర్లక్ష్యం మీద అది నిలదొక్కుకుందన్న చారిత్రక చర్చ మాత్రం తక్కువ. హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్‌నూ, దాని మిగులు జలాలను అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాల మీదుగా మూసీకి చేర్చే నాలానూ ఆధారంగా తీసుకొని ఆ చర్చ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. మొక్క రావడానికి ముందే నీరు మారిందనీ, నియంత్రణ మొక్కకే పరిమితమైనంత కాలం ఫలితం తాత్కాలికమేననీ ఇందులో ప్రతిపాదిస్తున్నాను. చివరి భాగంలో తీరప్రాంతంలో సముద్రపు నాచు విషయంలో ఎదురైన అనుభవాలతో పోల్చి చూస్తాను.

కీలక పదాలు: గుర్రపుడెక్క, హుస్సేన్‌సాగర్, మత్తడి, నాలా, ఆక్రమణ జాతులు, కప్పాఫైకస్, పర్యావరణ చరిత్ర

1. ఉపోద్ఘాతం

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాల్లోనూ పోటీ పరీక్షలకు చదివే వేలాది విద్యార్థులకు ‘బెంగాల్ భయం’ అంటే ఏమిటో తెలుసు. గుర్రపుడెక్కకు ఆ పేరుందన్నది పాఠ్యపుస్తకంలో చోటు చేసుకున్న విషయం. పర్యావరణ విభాగంలో ఒక మార్కు ప్రశ్నగా వచ్చేదే. ఆ పాఠం చదువుతున్న గదులకు కొద్ది దూరంలోనే హుస్సేన్‌సాగర్ మిగులు నాలా పారుతూ ఉంటుంది. బెంగాల్‌కు చెందిన సమాచారంగా కంఠస్థమవుతున్న విషయం నిజానికి తమ వీధి చివరి నీటి చరిత్రలో భాగమన్న సంగతి ఆ ప్రశ్నలో కనిపించదు.

పర్యావరణ చరిత్ర చేయవలసిన పని ఈ ఎడాన్ని పూరించడమే. ఒక జాతి ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న వృక్షశాస్త్రానిది. వచ్చిన జాతి ఇక్కడ ఎందుకు నిలబడగలిగిందన్నది చరిత్ర ప్రశ్న. ఒకే మొక్క ఒక చెరువులో అలంకారంగా మిగిలి, మరో చెరువును పూర్తిగా కప్పేయడానికి కారణం మొక్క స్వభావంలో కాదు, ఆ రెండు చెరువుల గతంలో ఉంటుంది.

2. పేర్లు, ప్రయాణాలు

గుర్రపుడెక్క జన్మస్థానం అమెజాన్ నదీ పరీవాహక ప్రాంతం. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు మార్షియస్ 19వ శతాబ్ది తొలి భాగంలో దీన్ని పాంటెడీరియా క్రాసిపెస్ అని వర్ణించాడు. తర్వాత ప్రష్యా మంత్రి ఐకార్న్ గౌరవార్థం ఏర్పడిన ‘ఐకార్నియా’ అనే ప్రజాతిలోకి ఇది చేరింది. 2018లో వచ్చిన వర్గీకరణతో మళ్ళీ పాంటెడీరియా అయింది. ఇంగ్లీషు పేరు దీన్ని తోటలో పెంచే హయసింత్ పువ్వుతో పోల్చింది. లేత ఊదారంగు రేకులు, పై రేకు మీద పసుపు మచ్చ చూసి ముచ్చటపడినవారి పేరది. తెలుగు పేరు పువ్వును పట్టించుకోలేదు, ఆకునే చూసింది. గుండ్రంగా, దళసరిగా గుర్రపు గిట్టను తలపించే ఆకును బట్టి జనం ‘గుర్రపుడెక్క’ అన్నారు. పువ్వును చూసినవారు మొక్కను దేశాలు దాటించారు. ఆకును చూసినవారు దాన్ని చెరువులోంచి లాగవలసి వచ్చింది. ఈ రెండు పేర్ల మధ్య ఉన్న దూరంలోనే ఈ మొక్క సామాజిక చరిత్ర కొంత దాగి ఉంది.

ఈ మొక్క దానంతటదిగా సముద్రాలు దాటలేదు. 19వ శతాబ్దంలో వృక్షశాస్త్ర ఉద్యానాలు, ప్రదర్శనశాలలు, సంపన్నుల తోటలు ఒకదానితో ఒకటి మొక్కలను ఇచ్చిపుచ్చుకునేవి. ఆ మార్గంలోనే గుర్రపుడెక్క ఉత్తర అమెరికాకు, ఆఫ్రికాకు, ఆసియాకు చేరింది. 19వ శతాబ్ది చివరినాటికి బెంగాల్‌కు అలంకార మొక్కగానే వచ్చింది.

దీని బలం రెండు చోట్ల ఉంది. ఒకటి పిలక. తల్లిమొక్క నుంచి నీటి మీద అడ్డంగా సాగే తీగ చివర పిల్లమొక్క పుడుతుంది, అది విడిపోయి తానే తల్లి అవుతుంది. అనుకూల పరిస్థితుల్లో ఒకటి రెండు వారాల్లో మొక్కల రాశి రెట్టింపవుతుందని అంచనా. పన్నెండు రోజులకోసారి రెట్టింపయిందనుకుంటే ఒక్క మొక్క నాలుగు నెలల్లో వెయ్యి దాటుతుంది. రెండవది విత్తనం. అడుగు బురదలో పడిన విత్తనం పదిహేను ఇరవై ఏళ్ళ వరకు మొలకెత్తే శక్తిని నిలుపుకోగలదు. నీటి మీద కనిపించేదంతా తీసేసినా, బురదలో దాని జ్ఞాపకం మిగిలే ఉంటుంది.

3. బెంగాల్ అనుభవం, మద్రాసు చట్టం

20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో బెంగాల్ నదులూ బీళ్ళూ ఈ మొక్కతో నిండిపోయాయి. పడవ ప్రయాణం ఆగింది, వరిపొలాలు మునిగాయి, చేపలు తగ్గాయి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో దీన్ని ‘జర్మన్ కలుపు’ అని కూడా పిలిచారు. తన నీటిలో పెరుగుతున్న కష్టానికి శత్రుదేశాన్ని కారణంగా చూపడం ప్రజల ఊహకు తేలికైన దారి. 1921లో బెంగాల్ ప్రభుత్వం జగదీశ్ చంద్రబోస్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. రసాయనాలతో చంపాలా, మనుషులతో తీయించాలా, ఎరువుగా వాడాలా అన్న చర్చ ఏళ్ళ తరబడి సాగింది. 1936లో బెంగాల్ గుర్రపుడెక్క చట్టం వచ్చింది. 1937 ఎన్నికల్లో ఈ మొక్క నిర్మూలన రాజకీయ పక్షాల వాగ్దానమైంది. ఫజ్లుల్ హక్ మంత్రివర్గం పెద్ద ఎత్తున తొలగింపు ఉద్యమం నడిపింది.

ఈ ఘట్టం మీద ఇఫ్తేకార్ ఇక్బాల్ 2009లో ప్రచురించిన పరిశోధన ముఖ్యమైనది. డెల్టా జలప్రవాహాలకు అడ్డంగా రైలు కట్టలు లేచి నీరు నిలవడానికీ, మొక్క వ్యాప్తికీ ఉన్న సంబంధాన్ని ఆయన రచనలు చర్చకు తెచ్చాయి. చట్టం మొక్కను నేరస్థానంలో నిలబెట్టింది, నీటిని నిలిపిన కట్టలను విచారించలేదు. మన పరిశీలనకు ఈ అంశమే కీలకం.

తెలుగు ప్రాంతాల్లో పరిస్థితి రెండు పాలనల మధ్య చీలి ఉంది. మద్రాసు రాష్ట్రం 1919లోనే వ్యవసాయ చీడపీడల చట్టం చేసింది. పంటలకు చేటు చేసే పురుగులు, తెగుళ్ళతో పాటు నీటి సరఫరాకూ జలమార్గాలకూ ఆటంకం కలిగించే కలుపు మొక్కలను కూడా అది తన పరిధిలోకి తీసుకొంది. కృష్ణా, గోదావరి డెల్టా కాలువలు ఆ రాష్ట్రంలో ఉన్నందున జలమార్గాల ప్రస్తావన వట్టి మాట కాదు. సరుకు పడవలు నడిచే కాలువ అది. నిజాం ఏలుబడిలోని హైదరాబాదు రాష్ట్రానికి ఆ చట్టం వర్తించేది కాదు. ఇక్కడి నీటి ప్రపంచం కాలువలది కాదు, చెరువులది. చెరువుకు చట్టం కంటే ముందు ఆచారం ఉండేది. తూము తెరిచి మూసే నీరటికాడు, వేసవిలో పూడిక మట్టిని పొలాలకు తోలుకునే రైతులు, చేపల మీద హక్కున్న గంగపుత్రులు, ముదిరాజులు: వీరి పనుల వల్లనే చెరువు ఏటేటా శుభ్రపడేది. ఆ పనులు సాగినంత కాలం ఏ మొక్కా నీటిని చాలాకాలం కప్పి ఉంచలేదు.

4. మొక్కకు ముందు మారిన నీరు

ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562–63 ప్రాంతంలో, హుస్సేన్‌షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్‌సాగర్ నిర్మాణం జరిగింది. మూసీ నీటిని బల్కాపూర్ కాలువ ద్వారా దీనిలోకి మళ్ళించారు. సాగునీటికీ తాగునీటికీ ఉద్దేశించిన చెరువు ఇది. 1806లో చెరువుకు ఉత్తరాన సికింద్రాబాద్ కంటోన్మెంట్ వెలిశాక ఈ కట్ట రెండు నగరాలను కలిపే దారి అయింది. 1946లో మీర్జా ఇస్మాయిల్ దీన్ని వెడల్పు చేయించాడు. కట్ట విలువ ఇలా పెరుగుతుండగానే నీటి విలువ తగ్గడం మొదలైంది.

ఆ తగ్గుదలకు మూలం ఒక విపత్తులో ఉంది. 1908 సెప్టెంబరు మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో ఎగువన రెండు పెద్ద జలాశయాల ఆలోచన రూపుదిద్దుకొంది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి మెరుగైన తాగునీరు దొరికింది. 1930 ప్రాంతంలో హుస్సేన్‌సాగర్ తాగునీటి వనరుగా తన పాత్ర ముగించుకొంది. నగర చరిత్రలో ఇది ప్రగతి ఘట్టంగానే నమోదైంది, అందులో అన్యాయమేమీ లేదు. అయితే తాగే నీటిని కాపాడే శ్రద్ధ వేరు, చూసే నీటిని కాపాడే శ్రద్ధ వేరు. తాగడం మానేసిన రోజు నుంచి ఈ చెరువులోకి ఏం వస్తున్నదన్న ప్రశ్న ఇంటింటి ప్రశ్న కాకుండా పోయింది.

ఆ తర్వాతి అర్ధశతాబ్దంలో సనత్‌నగర్, బాలానగర్, కూకట్‌పల్లి పారిశ్రామిక వాడలు పెరిగాయి. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నాలుగూ ఒకప్పుడు వాన నీటిని తెచ్చేవి, క్రమంగా మురుగునూ వ్యర్థ జలాలనూ మోయసాగాయి. వీటిలో కూకట్‌పల్లి నాలా పరిశ్రమల కాలుష్యాన్ని అత్యధికంగా తెచ్చింది. మురుగులోని నత్రజని, భాస్వరం నీటి మొక్కలకు ఎరువు. చెరువు ‘అతిపోషక’ స్థితికి చేరింది. గుర్రపుడెక్కకు ఇంతకంటే అనువైన మడి ఉండదు.

నగర జలాల ఈ మార్పును దగ్గరగా చూసినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయ శైవల శాస్త్రజ్ఞులు ముందుంటారు. హైదరాబాదు చేపల చెరువుల్లోని శైవలాల జీవావరణం మీద ఎ.ఆర్. జాఫర్ 1960లలో వెలువరించిన వ్యాసాలు, కాలుష్యం దృష్ట్యా మూసీ శైవలాలను పరిశీలిస్తూ వి. వెంకటేశ్వర్లు 1969లో ప్రచురించిన అధ్యయనం అంతర్జాతీయ జలజీవశాస్త్ర పత్రికలో వచ్చాయి. చరిత్రకారులు వీటిని విజ్ఞానశాస్త్ర పత్రాలుగా పక్కన పెట్టడం పరిపాటి. నిజానికి ఇవి నగర చరిత్రకు ప్రాథమిక ఆధారాలు. ఒక దశాబ్దంలో ఈ నగరపు నీరు ఎలా ఉండేదో నమోదు చేసిన సాక్ష్యాలు ఇవి.

5. మత్తడి కింద

చెరువు నిండితే మిగులు నీరు పోయే చోటును తెలంగాణలో మత్తడి అంటారు, కోస్తాలో అలుగు అంటారు. హుస్సేన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 513.41 మీటర్లు. అది దాటిన నీరు దిగువ ట్యాంక్‌బండ్ వైపు నుంచి దోమలగూడ, గాంధీనగర్, అశోక్‌నగర్ ప్రాంతాలు దాటి, చిక్కడపల్లి, నారాయణగూడ, బాగ్‌లింగంపల్లి పరిసరాల మీదుగా నల్లకుంట, గోల్నాక వైపు సాగి మూసీలో కలుస్తుంది. కట్ట కింద తోటలూ పొలాలూ ఉన్న కాలంలో మత్తడి దూకడం శుభసూచకం. చెరువు నిండిందంటే ఆ ఏడు కరువు లేదని అర్థం. ‘బాగ్’ అన్న మాట ఇప్పటికీ పేరులో నిలుపుకొన్న బాగ్‌లింగంపల్లి ఆ తోటల కాలాన్నే గుర్తు చేస్తుంది. ఆయకట్టు ఇళ్ళుగా మారాక మత్తడి దూకడమన్నది హెచ్చరికగా మారింది.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఇరవై నాలుగు గంటల్లో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసింది. నాలా వెంట ఉన్న లోతట్టు కాలనీలు, బస్తీలు మునిగాయి. ఆ తర్వాత నగర నాలాల వెడల్పుపై కిర్లోస్కర్ సంస్థ చేసిన అధ్యయనం ఇరవై ఏళ్ళ పాటు ప్రతి వానకాలం ప్రస్తావనకు వస్తూనే ఉంది. 2020 అక్టోబరు 13 నాటి కుంభవృష్టి అవే ప్రాంతాలకు అదే అనుభవాన్ని మళ్ళీ తెచ్చింది. దాని తర్వాతనే వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం పేరిట పనులు మొదలయ్యాయి.

ఈ వరదలకు గుర్రపుడెక్క కారణమని చెప్పడం అతిశయోక్తి. కుంభవృష్టి, ఇరుకైన నాలా, దాని అంచులను మింగిన కట్టడాలు ప్రధాన కారణాలు. అయితే తేలే మొక్కల చాప వంతెన స్తంభాల దగ్గర, మలుపుల దగ్గర చిక్కుకుంటే ప్లాస్టిక్, చెత్త దానికి పట్టుకొని నీటిదారిని ఇంకా ఇరుకు చేస్తాయి. వేసవిలో నిలిచిన నీటి మీద అదే చాప దోమలకు నీడనిస్తుంది. మాన్సోనియా జాతి దోమ పిల్లలు నీటి మొక్కల వేళ్ళకు అంటిపెట్టుకొని, వేళ్ళలోని గాలినే పీల్చి బతుకుతాయి. అందుకే పైన నూనె చల్లినా వాటికి చేటు ఉండదు, మొక్కను తీయవలసిందే. హైదరాబాదులో గుర్రపుడెక్క తొలగింపు మహానగర పాలక సంస్థ కీటక విభాగం బాధ్యతల్లో ఒకటిగా ఉండడానికి కారణం ఇదే. నారాయణగూడలోని ప్రజారోగ్య ప్రయోగశాలల సముదాయం, అంటే నివారక వైద్య సంస్థ, నగరం తాగే నీటిని పరీక్షిస్తుంది. దానికి దగ్గరలో పారే నాలా నీటి గురించి మాత్రం దోమలు ముసిరినప్పుడే మాట్లాడుకుంటారు. తాగే నీరు, పారే నీరు అన్న ఈ విభజన 1930 ప్రాంతంలో మొదలైనదే.

ఇక్కడ పాలనాపరమైన మరో విభజన కూడా గమనించాలి. చెరువు నీటి ఉపరితలం, పరిసరాల సుందరీకరణ మహానగర అభివృద్ధి సంస్థ చేతిలో ఉంటాయి. నాలా నగర పాలక సంస్థది. మురుగునీరు 1989లో ఏర్పడిన జలమండలిది. పరిశ్రమల వ్యర్థాలు కాలుష్య నియంత్రణ మండలివి. మొక్క మాత్రం ఒక్కటే. ఎగువ నాలాలో దానికి ఎరువు అందుతుంది, చెరువులో పెరుగుతుంది, మత్తడి దూకి కిందికి వస్తుంది. మత్తడి దాటగానే దాని యజమాని మారతాడు. ఎగువవారు తీయని మొక్కను దిగువవారు తీయాలి. అశోక్‌నగర్ దగ్గర నాలా అంచున నివసించే కుటుంబానికి ఈ పరిధుల పటంతో పని లేదు. ఇంటి ముందు నిలిచిన నీరే వారికి కనిపించే ప్రభుత్వం.

6. నియంత్రణ పద్ధతులు: ఒక మదింపు

ఇంతవరకు అనుసరించిన పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది చేతితో, యంత్రాలతో తొలగించడం. నీటి మీద తిరిగే చెత్త సేకరణ యంత్రాలు వచ్చాక పని వేగం పెరిగింది. అయితే గుర్రపుడెక్క బరువులో తొంభై శాతానికి పైగా నీరే. టన్నుల కొద్దీ తీసినదాన్ని మోయడానికయ్యే ఖర్చు వల్ల చాలాచోట్ల దాన్ని ఒడ్డునే వదిలేస్తారు. కుళ్ళిన మొక్క తాను పీల్చిన పోషకాలను వానతో పాటు మళ్ళీ నీటికే ఇస్తుంది. ఎరువుగా మార్చాలన్న సూచన బెంగాల్ చర్చల నాటిదే. గ్రామ చెరువులో అది మంచి సూచన. పారిశ్రామిక వ్యర్థాలు చేరే నీటిలో పెరిగిన మొక్క వేళ్ళలో భార లోహాలను నిలుపుకొంటుంది. దాన్ని పొలానికి తోలితే చెరువు సమస్య పొలం సమస్య అవుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఊరి చెరువుల పూడిక మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. అదే మాట హుస్సేన్‌సాగర్ పూడిక గురించి అనలేకపోవడంలోనే ఈ చెరువు విషాదం ఉంది.

రెండవది రసాయనాలు. 2,4-డి వంటి కలుపు మందులు మొక్కను త్వరగా చంపుతాయి. చచ్చిన రాశి అడుగున కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది, చేపలు చనిపోతాయి. చేపల వేట మీద బతికేవారికి ఈ మందు ఖరీదు రెండింతలు.

మూడవది జీవ నియంత్రణ. మొక్క పుట్టిన ప్రాంతంలోనే దాన్ని తిని బతికే నియోకెటినా జాతి ముక్కు పురుగులను 1980ల తొలినాళ్ళలో భారతదేశానికి తెప్పించి, నిర్బంధ పరీక్షల తర్వాత 1983 నుంచి బెంగుళూరులో వదిలారు. అక్కడి కొన్ని చెరువుల్లో కొద్ది ఏళ్ళలోనే చెప్పుకోదగ్గ ఫలితం కనిపించింది. కానీ పురుగు ఓపికగా పనిచేస్తుంది. పోషకాలు నిరంతరం అందే మురుగునీటిలో అది తిన్నదాని కంటే మొక్క పెట్టే పిలకలే ఎక్కువ. మధ్యలో యంత్రంతో మొత్తం తీసేస్తే మొక్కతో పాటు పురుగూ పోతుంది, బురదలోని విత్తనం మాత్రం మిగులుతుంది. ఒక పద్ధతి మరో పద్ధతిని చెరపకుండా ఉండాలంటే వాటిని నడిపేవారి మధ్య మాట ఉండాలి.

ఈ మూడింటికీ మించినది మురుగును ఆపడం. 2006లో జపాన్ అంతర్జాతీయ సహకార బ్యాంకు రుణంతో చేపట్టిన హుస్సేన్‌సాగర్ పరీవాహక ప్రాంత మెరుగుదల పథకం ఈ దిశగా జరిగిన గట్టి ప్రయత్నం. శుద్ధి కేంద్రాలు, మురుగు మళ్ళింపు, పూడికతీత దానిలో భాగాలు. 2015లో చెరువును ఖాళీ చేసి అడుగు శుభ్రపరచాలన్న ఆలోచన జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఆ వివాదంలో వినిపించిన ఆందోళనలకు ఒక ఆధారం ఉంది: చెరువు ఖాళీ అయితే ఆ నీరు పోయేది నాలాలోకీ, మూసీలోకీనే. శుద్ధి అంటే మలినాన్ని మత్తడి దాటించడం కాదని ఆ ఘట్టం గుర్తు చేసింది.

7. ఉప్పునీటి అంచు: సముద్రపు నాచు పాఠం

నాలా నీరు మూసీలో కలుస్తుంది, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ సముద్రంలో. ఈ దారి చివర గుర్రపుడెక్కకు ఒక హద్దు ఉంది. ఉప్పునీటిలో అది బతకదు. కొల్లేటిని కప్పే ఇదే మొక్క ఉప్పుటేరు వెంట సాగి సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ మాడిపోవడం దీనికి నిదర్శనం. అయితే ఆక్రమణ అన్న సమస్య అక్కడితో ఆగదు, పాత్రధారులు మారతారు.

కప్పాఫైకస్ ఆల్వరెజీ ఆగ్నేయాసియా సముద్రాలకు చెందిన ఎర్ర నాచు. ఆహార పరిశ్రమల్లో వాడే కారాజీనన్ అనే జిగురు పదార్థం కోసం దీన్ని సాగు చేస్తారు. 1984లో భావనగర్‌లోని కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ దీన్ని భారతదేశానికి తెచ్చింది. 2000 తర్వాత తమిళనాడు రామనాథపురం తీరంలో వెదురు తెప్పల మీద వాణిజ్య సాగు విస్తరించింది. తీరప్రాంత మహిళా సంఘాలకు అది ఆదాయమార్గమైంది. 2008లో మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర ఈ నాచు పగడాల మీదికి పాకి కప్పేస్తున్నదని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ దీవి సముద్ర జాతీయ పార్కులో భాగం. తెప్ప నుంచి తెగిన ముక్క ఒక్కటి చాలు, అది పగడానికి అంటుకొని పెరుగుతుంది. పిలకతో గుర్రపుడెక్క చేసే పనిని ఇది ముక్కతో చేస్తుంది.

ఇతర సముద్రాల అనుభవం రెండు విధాలుగా ఉంది. కౌలెర్పా టాక్సిఫోలియా అనే పచ్చ నాచు 1984లో మొనాకో సముద్రశాస్త్ర మ్యూజియం కింద చదరపు మీటరు మేర కనిపించింది. ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి బాధ్యత అన్న వాదన సాగుతుండగానే అది మధ్యధరా తీరంలో వేల హెక్టార్లకు వ్యాపించింది. అదే నాచు 2000లో అమెరికాలోని కాలిఫోర్నియా తీరపు ఒక ఉప్పుకయ్యలో కనిపించినప్పుడు అధికారులు వారాల్లోనే స్పందించారు. నాచు మడులను టార్పాలిన్లతో కప్పి లోపలికి క్లోరిన్ వదిలారు. ఏళ్ళ తరబడి గాలింపు తర్వాత 2006లో నిర్మూలన పూర్తయిందని ప్రకటించారు. రెండు చోట్లా నాచు ఒక్కటే. తేడా తొలి రోజుల్లో ఉంది: ఒకచోట బాధ్యత ఎవరిదో తేలలేదు, మరోచోట వెంటనే తేలింది.

తెలుగు తీరానికి ఈ పాఠం ఇప్పుడే అవసరం. సముద్రపు నాచు సాగును కేంద్ర ప్రభుత్వం 2020 నుంచి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో భాగంగా ప్రోత్సహిస్తున్నది. 2024లో సజీవ నాచు దిగుమతికి మార్గదర్శకాలను కూడా ప్రకటించింది. ఈ సాగు మత్స్యకార మహిళలకు జీవనోపాధి కాగలదు, దాన్ని కాదనడం న్యాయం కాదు. కాని కొత్తది వచ్చిందో లేదో గుర్తించాలంటే పాతది ఏమిటో తెలిసి ఉండాలి. ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖపట్నం తీరంలో ఆటుపోట్ల మధ్య బతికే నాచుల మీద 1964లో ప్రచురించిన అధ్యయనం అటువంటి ప్రమాణాన్ని మనకు ఇచ్చింది. హైదరాబాదు జలాలకు జాఫర్, వెంకటేశ్వర్లుల పత్రాలు ఎలాంటివో విశాఖ తీరానికి అది అలాంటిది.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలే అంశాలు మూడు. ఒకటి, హుస్సేన్‌సాగర్‌లో గుర్రపుడెక్క సమస్యకు బీజం మొక్క రాకలో లేదు, 1930 ప్రాంతంలో ఆ నీరు ఇంటింటి అవసరం కాకుండా పోవడంలో ఉంది. తర్వాతి దశాబ్దాల మురుగు ఆ బీజానికి ఎరువైంది. రెండు, 1936 నాటి బెంగాల్ చట్టం నుంచి నేటి తొలగింపు టెండర్ల వరకు పాలన మొక్కనే లక్ష్యంగా చేసుకొంది. నీటిని నిలిపినవాటినీ, పాడుచేసినవాటినీ అదే పట్టుదలతో ప్రశ్నించలేదు. మూడు, చెరువు, మత్తడి, నాలా, మూసీ ఒకే నీటి వ్యవస్థ కాగా వాటి పాలన ముక్కలై ఉంది. ముక్కలైన పాలన మధ్య సందుల్లోనే ఆక్రమణ జాతి వేళ్ళూనుతుంది.

కాబట్టి నియంత్రణను ఎన్ని టన్నులు తీశారన్న లెక్కతో కాక, తీసిన చోట మళ్ళీ ఎన్నాళ్ళకు మొలిచిందన్న లెక్కతో కొలవాలి. ఆ వ్యవధి పెరుగుతున్నదంటే ఎగువ నీరు బాగుపడుతున్నట్టు. పెరగడం లేదంటే ఖర్చు మొక్క మీద, ఎరువు నీటి మీద సాగుతున్నట్టు. ఈ లెక్క రాయడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. నాలా మీది వంతెనల దగ్గర నెలకోసారి తేదీతో తీసిన ఛాయాచిత్రం, వానపాతం, తొలగింపు జరిగిన రోజు నమోదైతే చాలు. ఈ ప్రాంతపు కళాశాలల్లోని వృక్షశాస్త్ర, చరిత్ర శాఖలు కలిసి చేయగలిగిన పని ఇది. పదేళ్ళు సాగితే అది నగర చరిత్రకు ఒక కొత్త ఆధారం అవుతుంది. నాలా అంచున బతికేవారికి తమ మాటను అధికారుల ముందు నిలబెట్టే సాక్ష్యం అవుతుంది.